నాయినమ్మ పారేసిన ఆకురాళ్లు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు అయిపోయి ఇల్లందు నుంచి అమీర్‌పేట తిరిగొస్తుంటే, అందరి సంచుల్ల మామిడికాయలుంటే నా సంచిల రాళ్లుండేటివి! బస్సుల ఆ సంచి పైకెత్తలేక మా నాయిన ఒకటే గులుగుడు. "ఏం పెట్టినవే ఇండ్ల, బాయిని మొత్తం మోసుకొస్తున్నవా?"

బాయి అంటే నీళ్ల బాయి కాదు... బొగ్గు బాయి. మా తాత ఆడనే పనిచేసిండు. మాకు ఊహ తెలిసేసరికి అది మూతపడ్డది. పక్కన పారబోసిన నల్లరాళ్ల కుప్పలు మాత్రం మిగిలినయి. పొద్దుగాల్నే పిల్లలమంతా ఆడికి ఉరికేటోళ్లం.

ఆ రాయి అంచు మీద చిన్నగా కొడితే పొరలు పొరలుగా విచ్చుకునేది... లోపల ఆకు! మామిడాకు లెక్క పొడుగ్గ, నడుమ ఈనె, దాని నుంచి సన్నటి వల లెక్క గీతలు. ఎన్నో కోట్ల ఏండ్ల కిందటి చెట్లంట, ఆ చెట్లే బొగ్గయినయంట! మేం వాటిని ఆకురాళ్లు అనేటోళ్లం.

రాయి పగిలితే ఆకు రెండు ముక్కల మీద అచ్చు పడుతది కదా... అందుకే మాకు ఒక రూలుండె. ఒక ముక్క కొట్టినోళ్లది, రెండోది పక్కన కూసుని చూసినోళ్లది. ఇగ కొట్లాట లేదు.

అప్పట్ల అమీర్‌పేట ఎట్లుండెనో తెల్సు కదా... గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టర్. కింద హాస్టల్, పైన ఇన్‌స్టిట్యూట్. గల్లీల ఎవరి చేతుల చూసినా జిరాక్స్ నోట్సే. ఊరంతా జావా నేర్చుకుంటుంటే నేను మంచం కింద ఆకురాళ్ల డబ్బా దాచుకున్న!

మా బడి పంజాగుట్టల. నా పక్క బెంచి లావణ్య... వాళ్లది విజయవాడ. ఒకరోజు దానికి నా కంపాస్ బాక్సుల ఉండే చిన్న ఆకురాయి చూపిస్తే మూతి తిప్పింది. "రాతిలో ఆకేంటి? నువ్వే పెన్సిల్‌తో గీసుంటావులే!"

క్లాసంతా ఒకటే నవ్వుడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపు నా డబ్బాల ఉన్న పెద్దాకు తెస్త, అప్పుడు మాట్లాడు!" అని అందరి ముంగట అనేసిన.

ఇంటికొచ్చి డబ్బా లాగితే... బరువే లేదు, అల్కగ వచ్చింది. మూత తీస్తే లోపల రాళ్లతోటి కలిసొచ్చిన బొగ్గు పెళ్లలు మాత్రం ఉన్నయి. అవి సుత సుబ్బరంగ తుడిచి, పేపర్ల చుట్టి!

కండ్లు చూపించుకోవాలని నాయినమ్మ ఆ వారమే ఊరి నుంచి వచ్చి ఉన్నది.

"నాయినమ్మా, నా రాళ్లేవి?"

"నిన్ననే పారేసిన బిడ్డా. బొగ్గు మంచిగున్నది, తీసిపెట్టిన."

ఏం జేస్తది పాపం! ఊర్ల ఇంటికొచ్చిన బొగ్గుల ఈ నల్లరాయి ఒక్క ముక్క కలిసినా పొయ్యిల టప్పుమని పేలుతది. పెండ్లయి వచ్చిన కాన్నుంచి బొగ్గు గంప ముంగట కూసుని రాయి ఏరి పారేసుడే ఆమె పని. మా ఇంట్ల ఉన్నది గ్యాస్ పొయ్యి అన్న సంగతి ఆమె చేతులకు తెల్వదు కదా!

నేను నేల మీద పడి ఏడ్చిన. సంగతి చెప్తే ముసల్ది గుండెల మీద చెయ్యి పెట్టుకున్నది. "అయ్యో నా బంగారం... జర జెప్పకపోతివి!" అని కొంగు నడుముకు దోపింది. ఇద్దరం పక్క ప్లాట్‌లకు ఉరికినం. ఆడ కొత్త ఇన్‌స్టిట్యూట్ కడుతున్నరు, పునాదికని రాళ్లు కుప్ప పోసిన్రు. గోడ మీదికెల్లి ఆ రాళ్లకుప్ప మీదికే ఇసిరేసిందంట.

మేస్త్రి మమ్మల్ని చూసి తల గోక్కున్నడు. "ఆ కుప్ప పొద్దుగాలనే బేస్‌మెంట్ల పోసి దిమ్మిస కొట్టినమమ్మా... గిదిగో, గీ అంచు మిగిలింది."

నా పెద్దాకు పోయింది. మళ్ల ఏడుపు. నాయినమ్మ మాత్రం ఆ మిగిలినదాంట్ల కూసుని ఏరుతనే ఉన్నది. చివరికి ఇటికంత మందం నల్లరాయి ఒకటి దొరికింది. ఇల్లందుల కొట్టుడు కుదరక అట్లనే తెచ్చుకున్న రాయి! నేను పగలగొట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఆగు! గట్లనే తీస్కపో. ఆ పిల్ల ముంగటనే కొట్టు. అప్పుడెట్ల గీసినవంటదో సూస్త!"

"లోపల ఆకు లేకపోతే?"

"ఇంకో పొర కొడ్తవు. గింతదానికి ఫికర్ ఎందుకే?"

తెల్లారి గ్రౌండ్‌ల అందరు చుట్టూ మూగిన్రు. లావణ్య నా పక్కనే గొంతుకు కూసున్నది. కొట్టిన... విచ్చుకున్నది... ఉత్త నలుపు! ఎనక నుంచి కిసకిస నవ్వులు. నాయినమ్మ మాట తలుచుకుని ఇంకో పొర మీద కొట్టిన.

టక్కుమన్నది. లోపల ఆకు! నిండుగ, కొన నుంచి తొడిమె దాకా...

లావణ్య రెండు చేతులు బుగ్గలకు ఆనించుకున్నది. "అమ్మో! దీన్ని మనకంటే ముందు ఎవ్వరూ చూళ్ళేదు కదే!"

నా కోపమంతా ఎటు పోయిందో! రూలు రూలే కదా... పక్కన కూసున్నది అదే, రెండో ముక్క దానికిచ్చిన. సంచిల పెడితే అరుగుతదని ఇంటిదాకా రెండు చేతుల్ల పట్టుకుని పోయింది పిచ్చిది.

నాయినమ్మ సంబురం చెప్పతరం కాదు! ఆ తర్వాత ఊరి నుంచి ఎవరొచ్చినా చేతికి ఆకురాళ్ల మూట ఇచ్చి పంపేది. మా నాయిన మళ్ల గులుగుడు!

ఇప్పుడు నాయినమ్మ లేదు. ఆ ఇన్‌స్టిట్యూట్ పోయి బట్టల షాపు వచ్చింది, ఆ గల్లీ నుంచి చూస్తే మెట్రో కనిపిస్తది. ఎంత మంది ఆడ కూసుని జావా నేర్చుకుని నౌకరీలు కొట్టిన్రో... వాళ్ల కాళ్ల కింద నా పెద్దాకు ఉన్నదని ఒక్కరికి తెల్వదు!

లావణ్య వాళ్లు ఇల్లు మారినంక మాకు మాటల్లేవు. నా ముక్క మాత్రం ఇప్పటికీ నా టేబుల్ మీదనే ఉన్నది.

మీరు చిన్నప్పుడు ఏమేం ఏరుకొచ్చి తిట్లు తిన్నరో కింద రాయుండ్రి... లావణ్యా, ఇది నీ దాకా వస్తే మాత్రం నువ్వేం రాయకు. నీ ముక్క పట్టుకుని రా... రెండూ కలిపి మూసి, మళ్ల ఒక్కపాలి తెరిచి చూద్దాం.