సిస్టరక్క చేసిన పరిచయం

మా యూనివర్సిటీ ప్రజారోగ్యం, మానవ హక్కుల విభాగంలో ఓ ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరినవాళ్లను, వాళ్ల పాత ఉద్యోగం ఎరిగినవాళ్లే సభకు పరిచయం చెయ్యాలి. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుందని పెట్టారు. ఇప్పుడు అదే గొప్ప పక్కవాళ్ల చేత చెప్పించుకుంటున్నారు, అంతే తేడా.

ఈసారి విభాగాధిపతిగా వచ్చిన పెద్దమనిషి ఒకప్పుడు జైలు డాక్టరు. అదే జైల్లో నర్సుగా చేసిన మా సిస్టరక్క కంటే ఆయన్ని ఎరిగినవాళ్లెవరు? ఆవిడ ఇక్కడ విద్యార్థులకు రోగిని ఎలా చూడాలో నేర్పుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. పొడిగించాలన్నా పీకెయ్యాలన్నా ఇక ఆ డాక్టరే. ఇంట్లో మంచం దిగలేని మొగుడు, ఆవిడ జీతమే దిక్కు. నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోమని, ఆఫీసు పని చూసే నేనే నచ్చజెప్పాను. సరేనన్నట్టు తలూపింది.

తీరా మైకు ముందు ఆవిడ చెప్పింది వేరు. డాక్టరుగారు ఖైదీలను గుమ్మం అవతలే నిలబెట్టి, తల ఎత్తకుండానే ఆరోగ్యంగా ఉన్నారని రాసేసేవారట. పక్కటెముకలు విరిగి ఊపిరందని ఒకతన్నీ అలాగే రాసి పంపారట. సాయంత్రానికల్లా పోయాడు. అదేమిటని అడిగినందుకు ఈవిడ జైలు ఉద్యోగం ఊడింది.

ఇక ఈ కాంట్రాక్టూ పోయినట్టే అనుకున్నాను. డాక్టరుకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. లేచి, కళ్లు ఒత్తుకుని, ఇలాంటి చేదు అనుభవాలే తనను హక్కుల వైపు నడిపించాయన్నాడు. హాలంతా చప్పట్లు! నా పక్కనున్న ప్రొఫెసరమ్మ ఎంత నిజాయితీ అంటూ ముక్కు చీదుకుంది. ఛీ! ఇంత చదువుకున్నారు, సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లేదా?

మర్నాడు ఆయన సిస్టరక్కను గదికి పిలిపించాడు. కాంట్రాక్టు కాగితాలు పట్టుకుని నేనూ వెళ్లాను. చనిపోయిన ఆ ఖైదీ మీద వ్యాసం రాస్తాడట, ఆవిడ పేరూ వేస్తాడట, ఉద్యోగానికి ఢోకా లేదట. పెన్ను తీసి అడిగాడు:

"అతని పేరేంటమ్మా? గుర్తు రావట్లేదు."

"ఆరోజు మీరడిగుంటే అతనే చెప్పేవాడండీ" అంది సిస్టరక్క.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కాగితాలు నేను తెచ్చినవి తెచ్చినట్టే వెనక్కి తీసుకెళ్లాను. నెల తిరక్కుండా ఆవిడ స్థానంలో ఇంకొకరు వచ్చారు. వ్యాసం మాత్రం అచ్చయింది, పోయినవాడికి ఆయనే ఏదో పేరు పెట్టేసి.