కళ్ల మీద నల్లపట్టీ

దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్ల సంఘం ఎట్లా పుట్టి పెరిగిందో వేలూరులో ఒక హాల్లో తెర మీద చూపిస్తున్నారు. ఆ ఏడే సంఘంలో చేరిన నా మనవరాలు గుడియాత్తం నుంచి నన్నూ పిలుచుకొచ్చింది. సంఘం పెట్టినవాళ్లు, అధ్యక్షులు, ఒక్కొక్కరి పేరూ చదివి చప్పట్లు కొట్టారు. తర్వాత, తొలినాళ్ల రోగి అంటూ ఒక పడుచువాడి ఫొటో వేశారు. కింది దవడ గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. మనిషెవరో తెలియకూడదని కళ్ల మీద నల్లపట్టీ పెట్టారు.

అది నేనే. మగ్గం గుంటలో తలవంచుకుని నేస్తున్నా, వీధి పిల్లలు కిటికీలోంచి ఆ దవడనే చూసి నవ్వేవాళ్లు. ఊరంతా నన్ను గుర్తుపట్టింది దవడతోనే. నా కళ్లు ఎవరు చూశారు? ఇంత చదివినవాళ్లకు ఏది దాచాలో తెలియలేదు. వాళ్లకేమో పేర్లు, నాకేమో పట్టీ! ఒళ్లు మండి, లేచి అడగాలనిపించింది. కానీ సిగ్గేసింది. తువ్వాలు గడ్డం మీదికి లాక్కున్నాను.

"పాపం, ఎవురో తాతా! బతికుండాడో లేదో," అంది మనవరాలు.

"ఉండాడులేమ్మా."

"నీకెట్ల తెలుసు?"

తువ్వాలు ఇంకాస్త పైకి లాక్కున్నాను. ఆమె తెరను చూసి, నా తువ్వాలును చూసింది.

"నీ దవడ కింది మచ్చ మగ్గం తగిలి పడిందని కదా తాతా చెప్తివి నాకు?"

హాల్లో దీపాలు వెలిగాయి.

"తువ్వాల తీ తాతా, ఉక్కగా ఉండాది," అంది మెల్లగా.

తీయడానికి నాకు చెయ్యి రాలేదు.