సిపాయిల దుప్పట్లు నేసిన నాన్న

మొన్న పొద్దున వనపర్తిలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, రక్షణ శాఖ ఖర్చుల్లో ఏవో కోతలు పెట్టాలని పార్లమెంటు సభ్యుల సంఘం సూచించిందని వార్త వచ్చింది. మా ఆయన చానెల్ మార్చబోతే వద్దన్నాను. అలాంటి సంఘం ముందే ఒకప్పుడు మా నాన్న నిలబడ్డాడు, ఆయన పక్కన నేనున్నాను.

మాది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. నాన్న వయసులో ఉన్నప్పుడు పట్టు అంచు చీరలు నేసేవాడు గానీ, నా కాలేజీ చదువు అయ్యేనాటికి ఆయన చూపు బాగా తగ్గి, సన్నటి పట్టుపోగు కంటికి ఆనడం మానేసింది. అంచూ బుటా లేని తెల్లబట్టకైతే చూపుతో పెద్ద పనిలేదు. మా నేతగాళ్ల సొసైటీ అప్పట్లో సైనిక దవాఖానాలకు దుప్పట్లు పంపేది కాబట్టి, చూపు తగ్గిన పెద్దవాళ్లందరికీ అదే ఆధారమైంది. నేసిన బట్టలో ఎక్కడైనా ముడి ఉందేమోనని నాన్న వేళ్లతో తడిమి చూసేవాడు, దెబ్బలు తగిలి పడుకున్న పిల్లగాడి వీపుకు గుచ్చుకుంటుందని ఆయన బెంగ.

ఖర్చులు తగ్గించే పనిలో ఉన్న ఆ సంఘం హైదరాబాదు వస్తోందని, మాలాంటివాళ్ల మాట కూడా వింటుందని తెలిసి, సొసైటీ వాళ్లు నాన్నను పంపారు. చేయి పట్టుకుని నడిపించడానికి, ఆయన మాటను హిందీలో చెప్పడానికి నేను వెళ్లాను.

సంఘంలో ఒక పెద్దావిడ, మిల్లు దుప్పట్లు చవగ్గా దొరుకుతుంటే మీవే ఎందుకు కొనాలని సూటిగా అడిగింది.

“నాకు కండ్లు కనవడవు తల్లీ. చీర నెయ్యరాదు. గీ పని గూడ పోతే పొద్దంత ఏం జెయ్యాలె?” అన్నాడు నాన్న.

నేను హిందీలో చెప్పింది విని ఆమె నెమ్మదిగా, మంచుకొండల మీద కాపలా కాసే పిల్లలకు మంచి బూట్లు కావాలని, అవి కూడా ఈ సొమ్ములోంచే రావాలని, వాళ్ల తల్లులకు ఏమని జవాబు చెప్పమంటారని అడిగింది. ఆమె గొంతులో వెటకారం లేదు.

నాన్న తల వంచుకుని ఆలోచించి, “అట్లయితే బూట్లే కొనుండ్రి” అన్నాడు.

ఆ మాట హిందీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాన్న నా చేయి నొక్కి, “చెప్పు బిడ్డా” అన్నాడు. చెప్పాను. ఆమె లేచి మా దగ్గరికి వచ్చి, ఆయన రెండు చేతులూ ఒకసారి పట్టుకుని వదిలి, వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో, అలా ఎందుకన్నావని నేను కోప్పడితే, “ఆమె సక్కంగ అడిగింది, నేను సక్కంగ చెప్పిన. అబద్ధమెట్ల చెప్పాలె?” అన్నాడు. అమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. “ఏందయ్యా, అందరి కోసం మాట్లాడనీకి పోయి బూట్లు కొనుమని చెప్పొస్తివా!” అని కంచం ముందు కూర్చోబెట్టి మరీ తిట్టింది.

కొన్నాళ్లకు ఆ పని నిజంగానే ఆగిపోయింది. నాన్న అరుగు మీద ఊరికే కూర్చుని, ఖాళీ చేతుల్ని ఒకదానితో ఒకటి రుద్దుకుంటుంటే చూడలేకపోయేవాళ్లం. ఒకరోజు అమ్మ ఆయన్ని చేయి పట్టి లేపి, తను నేసే చీర మగ్గం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. నడుమ నూలు ఆయన నేయాలి, రెండు వైపుల పట్టు అంచులు తను కలపాలి. మొదట్లో పోగులు తెగాయి, ఇద్దరూ వాదులాడుకున్నారు, నువ్వంటే నువ్వని విసుక్కున్నారు. పోనుపోను చేతులు కుదిరాయి. అలా కలిసి నేసిన మొదటి చీర నా పెళ్లికి కట్టుకున్నాను. అన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చుని, అన్ని కబుర్లు చెప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఖర్చు తగ్గించడం తప్పని నేనిప్పటికీ అనుకోను. పని తీసేసిన ఆ పెద్దావిడ మీద నాన్నకు చివరిదాకా గౌరవమే ఉండింది. ఇప్పుడూ మా వైపు పనులు పోతూనే ఉన్నాయి, ఎవరు తీశారో, ఎందుకు తీశారో కూడా తెలియకుండానే పోతున్నాయి. వద్దని వాదించడం సంగతి అటుంచి, సరే పోనీయండి అనడానికైనా మనల్ని పిలిచి అడిగేవాళ్లు లేరు.