చింతపండుతో తోమిన రివాల్వర్

ఆ రోజుల్లో సౌదీలోని తాయిఫ్‌లో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే "బాగున్నావా" అనేది తర్వాతి మాట, ముందుగా అడిగేది "మీ కంపెనీ ఏం రంగు?" అని. నితాఖత్ అనే ఉద్యోగాల చట్టం కొత్తగా వచ్చిన కాలం. సౌదీవాళ్లను సరిపడా పనిలో పెట్టుకున్న కంపెనీ పచ్చ, అసలు పట్టించుకోనిది ఎరుపు, మధ్యలో వేలాడేది పసుపు. పసుపు కంపెనీలో ఏళ్ల తరబడి ఉన్న పాతవాళ్లకు ఇకామా, అదే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ కాదు, అంటే సామాను సర్దుకోవాల్సిందే. మా ఆయన పనిచేసే ఏసీ మరమ్మతుల కంపెనీ పసుపు, మా ఆయన పాతకాపు. ఒక్క సౌదీ మనిషిని చేర్చుకుంటే పచ్చ అయిపోతుంది. ఆ ఒక్క సంతకం పెట్టడానికి మా కఫీల్‌కు, అంటే మా వీసా చేతిలో ఉన్న సౌదీ యజమానికి, తీరిక లేదు. ఆయన మనసు ఏసీల మీద ఏనాడూ లేదు, పాతకాలం రివాల్వర్ల మీదే ఉండేది. పేలకుండా లోపలి సూదులు తీయించేసి, పర్మిట్ కాగితాన్ని కూడా ఫ్రేము కట్టించి, అతిథులు కూర్చునే తన మజ్లిస్ గోడ నిండా వేలాడదీసుకున్నాడు. వర్కర్లంతా ఆయన్ను పిస్తోలు తాత అనేవాళ్లు. (రివాల్వర్ వేరు, పిస్తోలు వేరు అని నేను ఎంతమందికి చెప్పానో. ఒక్కరూ వినలేదు.)

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. కరీంనగర్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, ఆ చదువునంతా వీధి చివరి కిరాణా బఖాలాలో టమాటాల ధర దగ్గర గొడవపడటానికి మాత్రమే వాడుతున్న రోజులు. మాటకు మాట అప్పజెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు. అలాంటి నా చదువు గురించి మా ఆయన ఒకరోజు కఫీల్ ముందు గొప్పలు చెప్పి వచ్చాడు. రాబోయే గురువారం సాయంత్రం ఊళ్లోని పాత ఆయుధాలు సేకరించే షోకీలంతా కఫీల్ ఇంటికి వస్తున్నారట. ప్రపంచంలో పాత రివాల్వర్ల మార్కెట్ ఎలా ఉంది, ఏది పెరుగుతోంది, ఏది పడుతోంది అని ఇంగ్లీషులో ఒక రిపోర్టు రాయిస్తే, కాలేజీ చదివిన మేనల్లుడి చేత వాళ్లందరి ముందు చదివించాలని ఆయన సరదా. "నువ్వు మంచిగ నాలుగు ముక్కలు రాయి. ఆయన ఖుషీ అయితే ఆ ఊపుల ఇకామా ముచ్చట తీస్త. ఇంక ఇరవై దినాలే ఉంది," అన్నాడు మా ఆయన. చేతులు జోడించినంత పనిచేసి, "ఎదురు మాత్రం మాట్లాడకు," అని కూడా అన్నాడు.

మర్నాడు కఫీల్ డ్రైవర్ ఒక ఖర్జూరాల అట్టపెట్టె తెచ్చాడు. కడప మనిషి, మా ఆయన కన్నా పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనేవాడు. పెట్టెలో గళ్ల రుమాలు చుట్టిన రెండు రివాల్వర్లు. ఒకే రకం, ఇంగ్లీషు తయారీ. ఒకటి కఫీల్ తాతగారి కాలం నుంచి ఇంట్లో ఉన్నదట, రెండోది దానికి జోడీగా ఈమధ్యే జెద్దాలో ఎవరో వ్యాపారి దగ్గర కొన్నాడట. చూసి వర్ణిస్తూ రాయాలని పంపాడు. జెద్దాది నున్నగా ఉంది. తాతగారిది మాత్రం తుప్పో, నూనె జిడ్డో, వందేళ్ల ఎడారి దుమ్మో తెలియకుండా నల్లగా గడ్డకట్టి ఉంది. మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. పరాయివాళ్ల సామాను మన గడప దాటి తిరిగి వెళ్లేటప్పుడు వచ్చినదానికంటే శుభ్రంగా వెళ్లాలి, అది పక్కింటి కూరగిన్నె అయినా సరే. పైగా ఇది ఇకామా ఇవ్వాల్సిన మనిషి సామాను. పిడికెడు చింతపండు నానబెట్టి, రాళ్ల ఉప్పు కలిపి, స్టీలు పీచుతో బాల్కనీలో కూర్చుని గంటన్నర తోమాను. మా అమ్మమ్మ చూసి ఉంటే కన్నీళ్లు పెట్టుకునేది, అంత తళతళలాడింది.

ఆ సంతోషంతో ల్యాప్‌టాప్ తెరిచి మార్కెట్ మీద పడ్డాను. నిజం చెప్పొద్దూ, మంచి సబ్జెక్టే. బంగారానికీ భూమికీ ఉన్నట్టే వీటికీ గాలి మారుతూ ఉంటుంది. అమెరికా పశువుల కాపరుల కాలం నాటివాటికి ఏనాటికీ గిరాకీ తగ్గదు, మధ్యకు విరిచి తూటాలు నింపే ఇంగ్లీషు సైనిక రివాల్వర్లు మెల్లగా పైకి వస్తున్నాయి, ఎవరి నడుముకు వేలాడిందో కాగితం ఉంటే ధర రెట్టింపు, భాగాల మీద నంబర్లన్నీ కలిస్తే ఇంకా ఎక్కువ. ఇలా మూడు పేజీలు ఉత్సాహంగా రాసుకుంటూ పోయి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పాత వస్తువు విలువంతా దాని పాత చర్మంలోనే ఉంటుందట. ఎవరైనా అత్యుత్సాహంతో రుద్ది మెరిపిస్తే సగం విలువ అక్కడికక్కడే పోతుందట. (ఏ సైటు తెరిచినా ఇదే మాట. ఒక్కడైనా నా పక్షాన మాట్లాడతాడేమోనని పదకొండు సైట్లు వెతికాను.) ఆ తర్వాత చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. టీ డికాషన్‌లో ముంచాను. బాల్కనీ దుమ్ము అద్దాను. పెనం మసి పూశాను. అది మసి పూసిన కొత్త రివాల్వర్‌లా ఉంది తప్ప పాతదానిలా మాత్రం లేదు. మా ఆయన వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం జేసినవే?"

"తోమిన."

ఆయన వెళ్లి మంచం కింది సూట్‌కేసు బయటికి లాగి, చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసుకున్నాడు.

ఆ మసి కడుగుతుంటేనే నంబరు కనబడింది. పిడి పైన, ఇన్నేళ్లూ జిడ్డు కింద దాక్కున్న అంకెలు. రిపోర్టులో రాద్దామని జెద్దాదాని నంబరు కూడా చూశాను. రెండూ ఒకటే. ఒక్క అంకె తేడా లేదు. కంపెనీలో తయారైన ప్రతి రివాల్వర్‌కూ వేరే నంబరు ఉంటుంది. పాకిస్తాన్ సరిహద్దు కొండల్లో చేత్తో నకళ్లు చేసే కమ్మరులు మాత్రం దొరికిన ఒక అసలుదాన్ని ముందు పెట్టుకుని, దాని నంబరునే అన్నిటి మీదా చెక్కేస్తారని అప్పుడే చదివి ఉన్నాను. రెండింటి మీదా అంకెలు ఒకే చేత్తో చెక్కినట్టు ఒకేలా వంకరగా ఉన్నాయి, అంటే జెద్దాదే కాదు, తాతగారిది కూడా నకలే. మా ఆయనకు చెబితే తల పట్టుకున్నాడు. నంబర్ల సంగతి వదిలెయ్, తోమినందుకు క్షమాపణ చెప్పుకుని బయటపడదాం అన్నాడు. నేను కుదరదన్నాను. రిపోర్టు కింద నా పేరు ఉంటుంది, నలుగురి ముందు అబద్ధం చదివించలేనన్నాను. రాత్రంతా వాదించుకున్నాం. ఎప్పటిలాగే నేనే గెలిచాను, ఎప్పటిలాగే ఇద్దరం భయపడ్డాం.

బుధవారం పొద్దున ఒళ్లంతా కప్పే అబాయా వేసుకుని మా ఆయన వెంట ఆఫీసుకు వెళ్లాను. మా మాటలు అరబ్బీలో చెప్పడానికి కడప డ్రైవర్ నిలబడ్డాడు. కఫీల్ రుమాలు విప్పి, తళతళలాడే తాతగారి రివాల్వర్‌ను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను చింతపండు సంగతి మొదలుపెట్టి, నకళ్ల కమ్మరుల మీదుగా, మార్కెట్‌లో నంబర్ల ప్రాముఖ్యం దాకా ఏకబిగిన చెప్పాను. డ్రైవర్ దాన్నంతా అరబ్బీలో నాలుగే నాలుగు మాటల్లో చెప్పేశాడు. అన్నీ చెప్పలేదని నేను గొడవపడ్డాను. "అక్కా, నాకూ పెండ్లాం బిడ్డలుండారక్కా," అన్నాడు పాపం. ఇక లాభం లేదని రెండు రివాల్వర్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నంబర్ల మీద వేలుంచాను. కఫీల్ భూతద్దం తీశాడు. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని, మళ్లీ దీన్ని చూశాడు. మా ఆయన పైకి, నడవని ఫ్యాను వైపు చూస్తున్నాడు. చివరికి ముసలాయన మెల్లగా ఏదో అడిగాడు.

"ఆయప్ప అడుగుతాండాడు," అన్నాడు డ్రైవర్, "ఈ మాట ఇంకెవురికన్నా చెప్పినారా అని."

"లేదు. కానీ రేపు వచ్చేవాళ్లు నన్ను అడిగితే మాత్రం ఉన్నదే చెప్త."

కఫీల్ గద్దించాక డ్రైవర్ తప్పక చెప్పాడు. ముసలాయన నన్ను కాదు, మా ఆయన్ను చూశాడు. ఇకామా ఇంకా ఎన్నాళ్లుందని అడిగాడు. పదిహేను రోజులని మా ఆయన చెప్పాడు. అయిపోయింది, ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తాడు అనుకున్నాను. కఫీల్ ఫోను తీసి మేనల్లుడిని పిలిచాడు, వెంటనే వచ్చి కంపెనీలో ఉద్యోగంలో చేరమన్నాడు. ఆ ఒక్క సౌదీ మనిషితో కంపెనీ పచ్చ అయింది. ఆ తర్వాత నా వైపు వేలు చూపిస్తూ ఒక్కొక్క మాటే చెబుతుంటే డ్రైవర్ తెలుగులో వినిపించాడు.

"రెండేండ్లకి ఇకామా ఇస్తాడంట. నువ్వు ఊరికి పోతే ఈ మాట యాడికన్నా పోతాదంట, ఈడుంటే ఆయప్ప కండ్ల ముందర ఉంటావంట. ఇకామా ఆయప్పది, ఆ రెండేండ్లు నీ నోరు గూడా ఆయప్పదేనంట."

నేను ఏదో అనబోయాను. మా ఆయన నా కాలు తొక్కాడు. జీవితంలో మొదటిసారి ఊరుకున్నాను.

గురువారం నన్నెవరూ పిలవలేదు, రిపోర్టూ చదవలేదు. తాతగారి రివాల్వర్ మాత్రం గోడ మధ్యలో ధగధగలాడిందట. లండన్‌లో ప్రత్యేకంగా మెరుగు పెట్టించానని కఫీల్ చెప్పుకున్నాడట. షోకీల్లో ఒకాయన తనది కూడా అక్కడికే పంపుతానని అడ్రసు అడిగాడని డ్రైవర్ చెప్పి చెప్పి నవ్వాడు.

రెండేళ్లు అయ్యాయి, ఇకామా మళ్లీ రెన్యూ అయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ తర్వాత లెవీలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ప్రతి తలకూ నెలనెలా కట్టాలి, ఏటేటా పెరుగుతుంది అనేసరికి మా బిల్డింగ్‌లో కుటుంబాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మేమూ బయల్దేరాం. వెళ్లే రోజు కఫీల్ కారు దిగి వచ్చి, ఇన్నేళ్లూ నిజంగానే ఎవరికీ చెప్పలేదా అని అడిగించాడు. లేదన్నాను. ముసలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆయన పోయి మూడేళ్లయిందని ఈమధ్యే తెలిసింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇప్పుడు కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో నేను లేచి నిలబడితే సెక్రటరీ "అవును మేడమ్, అవును మేడమ్" అంటూ ఫోను చూసుకుంటాడు. పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుంటారు. ఒకప్పుడు నేను నోరు విప్పుతానేమోనని భయపడి ఒక పెద్దమనిషి ఏకంగా రెండేళ్ల ఇకామా ఇచ్చాడంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. సాక్షి ఒక్క మా ఆయనే. ఆయన్ను అడుగుదామంటే, టీవీ సౌండ్ తగ్గించడు.