పేరు చెప్పే నోరు

మా వైపు జనం దేనికీ మొహమాటపడరు. కాలు ఈడ్చేవాణ్ణి కుంటోడా అనే పిలుస్తారు. కాస్త ఒళ్ళొస్తే "ఏమ్మే, బాగా మేస్తాండావే" అని నడిరోడ్డు మీద పలకరిస్తారు. పెళ్ళయిన మూడేళ్ళకు కూడా నాకు కడుపు రాకపోతే, ఉరవకొండ బస్సులో ముక్కూమొహం తెలియని పక్కసీటు ఆమె, లోపం నీదా ఆయప్పదా అని అడిగింది. అలాంటివాళ్ళు నా నోటి వాసన గురించి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. అందుకే నాకు అనుమానం. మరీ చెప్పుకోలేనంత గబ్బయితేనే మావాళ్ళు నోరు మూసుకుంటారు.

నేను బుక్కరాయసముద్రంలో జాకెట్లు కుడతాను. ఇంటి ముందు గదిలోనే మిషను. కొలతలు తీయాలంటే మనిషికి జానెడు దూరంలో నిలబడాలి. మెడ చుట్టూ టేపు వేయగానే ఎదుటామె గడ్డం పక్కకు తిరుగుతుంది. కొలత కోసం తిప్పిందా, నా కోసం తిప్పిందా? ఒకామె చేతులెత్తమంటే చేత్తో పాటు కొంగు కూడా ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "జలుబు చేసిందక్కా" అంది. మే నెలలో, మా అనంతపురం ఎండల్లో జలుబట! నేనేమైనా పిచ్చిదాన్నా?

అప్పటి నుంచి గుండుసూదులు పెదాల మధ్య పట్టుకోవడం మొదలుపెట్టాను. సూదులున్న నోటిని తెరవమని ఎవరూ అడగరు, తల ఊపితే చాలు. అదీ చాలదనిపించి ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాను. ఆది జాకెట్టు తెచ్చినవారికి మాత్రమే కుట్టబడును. పాత జాకెట్టు పరిచి దాని కొలతకు కొత్తది కత్తిరిస్తే ఇక మనిషి దగ్గరికి పోయే పనే లేదు. పెళ్ళికూతుళ్ళు కొత్త కొలతలు కావాలంటారు కాబట్టి వాళ్ళంతా మెయిన్ రోడ్డు టైలరు దగ్గరికి పోయారు. పోతే పోనీ అనుకున్నాను.

కరోనా వచ్చి అందరూ మూతికి గుడ్డ కట్టుకున్న రోజులు నా బతుకులో హాయిగా గడిచిన రోజులు. ఊరంతా చస్తామేమోనని వణుకుతుంటే నేను గిరాకీలతో కడుపునిండా కబుర్లు చెప్పాను. పాపం తగిలితే తగిలింది, ఉన్నమాట చెబుతున్నాను. అయితే ఆ గుడ్డ లోపల నా వాసన నాకే కొట్టింది. ఉందా లేదా అన్న అనుమానం అక్కడితో తీరిపోయింది. ఎవరెవరికి తెలుసు అన్నదొక్కటే మిగిలింది.

మా ఆయన్ని అడిగితే "సుమ్నే ఊరకుండవే, నీకంతా అనుమానమే" అన్నాడు. ఆయనకు జర్దా అలవాటు. ఆ ముక్కు సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. లవంగాలు నమిలాను, జామాకు నమిలాను, వాము నీళ్ళు పుక్కిలించాను, మందుల షాపులో నీలం రంగు సీసాలు కొన్నాను. గంటసేపు బాగుండేది, తర్వాత మళ్ళీ మామూలే. చివరికి అనంతపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"ఎవరు చెప్పారమ్మా నీకు వాసన వస్తుందని?" అంది ఆమె.

"ఎవురూ సెప్పల్యా మేడం. అదే నా అనుమానం."

ఆమె నవ్వలేదు. పళ్ళు శుభ్రం చేసింది. చిగుళ్ళకు జబ్బుందని, గొంతులో టాన్సిల్స్ దగ్గర కూడా తెల్లగా ఏదో పేరుకుంటోందని, పూర్తిగా పోకపోవచ్చు గానీ తగ్గుతుందని చెప్పింది. నోరు ఎండనివ్వకూడదు, మాటిమాటికీ నీళ్ళు తాగుతుండాలంది. కొళాయి మూడు రోజులకోసారి వచ్చే మాకు చెప్పింది ఆ మాట! కానీ ఆమె నాతో మాట్లాడినంతసేపూ మాస్కు తీయలేదు. అందరి దగ్గరా అంతేనా, నా దగ్గరేనా అని బస్సు దిగేదాకా ఆలోచించాను.

ఇదంతా ఇలా ఉండగా మా తమ్ముడికి ఆడబిడ్డ పుట్టింది.

వాడు నాకు తమ్ముడన్న మాటే గానీ బిడ్డ కిందే లెక్క. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదహారు. చంకనేసుకుని పెంచాను. నాకు పిల్లలు కలగలేదు. వాడికి బిడ్డ పుట్టిందని ఫోను వచ్చినప్పుడు మిషను మీద తల పెట్టి ఏడ్చాను. ఆ సాయంత్రమే మెత్తటి పాత నూలుచీర చించి ఆరు చొక్కాలు కుట్టాను.

మా ఇళ్ళలో బిడ్డను మొదటిసారి తొట్టిల్లో, అంటే ఉయ్యాలలో వేసే రోజున పేరు పెడతారు. ఆ పేరు ముందు పలికేది మేనత్తే. బిడ్డ చెవికి నోరు ఆనించి, చేయి అడ్డం పెట్టుకుని మూడుసార్లు చెప్పాలి. ఆ తర్వాతే మిగతా లోకానికి తెలియాలి. వాడికి నేనొక్కదాన్నే అక్కను. ఒక చెవిలో పేరు చెప్పే రాత నా బతుకులో ఈ ఒక్క ఇంట్లోనే ఉంది.

కాన్పు ఉరవకొండలో, మరదలి పుట్టింట్లో అయింది. అక్కడి నుంచి మరదలి అమ్మ ఫోను చేసి పిలిచింది. "తొట్టిల దినం పదకొండు గంటలకల్లా వచ్చేయండమ్మా. పేరు మా చిన్నకూతురు సెబుతాదిలే, నువ్వు సల్లగా కూసో."

"ఏంటికత్తా? నేను వస్తాండా కదా!"

"ఏమోమ్మా, పిల్లోళ్ళు అట్ల అనుకున్నారు" అని పెట్టేసింది.

గొడ్రాలినని కాదు. దానికయితే మొహం మీదే అనేవాళ్ళు. చెప్పకుండా దాచారంటే అది నోటి సంగతే. ఎవరి పనో నాకు వెంటనే తెలిసిపోయింది. నేను వాళ్ళింట్లో అడుగు పెట్టగానే కిటికీ తలుపులు తెరిచేది ఎవరు? అన్నాలు కాగానే నాకొక్కదానికే లవంగం అందించేది ఎవరు? నా పక్కన కూర్చోబోయి, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయేది ఎవరు? అన్నీ మా మరదలే. ఆ రాలుగాయిని ఏరి కోరి వాడికి చేసింది నేనే.

తొట్టిల రోజు పొద్దున నాలుగుసార్లు పళ్ళు తోముకున్నాను. తింటే వాసన, తాగితే వాసన అని భయపడి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నోరు ఎండనివ్వకూడదన్న డాక్టరమ్మ మాట గుర్తుకే రాలేదు. ఉరవకొండలో దిగేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోయింది.

ఇంట్లో ముప్పైమంది దాకా ఉన్నారు. మరదలి చెల్లెలు పట్టుచీర కట్టుకుని తొట్టిల పక్కన పీట మీద అప్పటికే కూర్చుని ఉంది. అది చూడగానే నా ఒళ్ళు నాకు తెలియలేదు.

"ఎవురు కూసోమన్నారు ఆ పిల్లను? ఈడ నేను సచ్చినానా?" అని అరిచాను. మరదలి వైపు తిరిగాను. "నువ్వే కదూ! నా నోరు గబ్బు కొడతాదని కదూ! ఆ మాట నా మొగం మీద సెప్పు. కిటికీలు తెరిసేది, లవంగాలు ఇచ్చేది నాకు తెల్దనుకున్నావా?"

ఎవరూ అనని మాటను నలుగురి ముందు నేనే అనేశాను. మరదలు మొగుడి వైపు చూసింది.

"ఇప్పుడన్నా నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అంది.

మా తమ్ముడు తొట్టిల తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, దాన్ని ఏమీ అనొద్దు. వద్దన్నది నేనే. అక్క హక్కు అక్కదేనని మూడు దినాలుగా నాతో కొట్లాడతాంది అది."

అక్కడే చాప మీద కూలబడ్డాను. ఇంత మందిని అనుమానించాను, వీణ్ణి మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసురా?"

"చిన్నప్పట్నుంచీ తెలుసు. నీ పక్కన పండుకున్నప్పుడు గోడ తట్టు తిరిగేవాణ్ణి. అలిగినాననుకుని నువ్వు మల్లా దగ్గరికి లాక్కునేదానివి."

"మరి ఏంటికి సెప్పలేదురా?"

"సెప్తే దూరం పండుకుంటావని. అమ్మ గూడా లేదు కదక్కా అప్పుడు."

వాడే మళ్ళీ అన్నాడు. "ఈ పొద్దు బిడ్డ ఏడ్సి మొగం తిప్పుకుంటే, ఇంతమందిలో నువ్వు తట్టుకోల్యావని వద్దన్నా." అది నిజమో, నన్ను ఊరడించడానికి అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలియదు.

మరదలు తన చెల్లెల్ని పీట మీద నుంచి లేపింది. తొట్టిల్లోంచి బిడ్డను తీసి నా ఒళ్ళో పెట్టింది. "సెప్పు వదినా" అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె దాన్ని లాగేసింది. "అడ్డమెందుకు? నీ మేనగోడలే కదా! గాలి సరిగా ఆడాలని కిటికీలు తీస్తే తప్పా? నీకు ఇష్టమని లవంగం ఇస్తే తప్పా? సెప్పు."

బిడ్డ కుడి చెవి దగ్గరికి వంగాను. ఊపిరి బిగబట్టాను, కానీ ఊపిరి వదలకుండా పేరు ఎలా పలుకుతారు? ఒకసారి చెప్పాను. బిడ్డ కదల్లేదు. రెండోసారి చెబుతుండగా నా ఊపిరి ఆ బుగ్గకు తగిలినట్టుంది, ఆ చిన్న తల కదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంక ఏడుపు మొదలవుతుంది అనుకున్నాను.

ఏడవలేదు. మొహం నా వైపే తిప్పింది. చిన్న నోరు తెరిచి, నా గడ్డం, నా పెదాలు వెతుక్కుంటూ, వెచ్చగా తడిమింది.

"పాలనుకుంటాండాది!" అని మరదలు నవ్వింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మొహం వెనక్కి తీసుకోలేదు. నా ఇన్నేళ్ళ బతుకులో నా నోటి వైపు తిరిగిన మొహం అదొక్కటే. మూడోసారి పేరు ఏడుస్తూ చెప్పాను.

తలెత్తి చూస్తే మా తమ్ముడు గుమ్మం దగ్గర తువ్వాలు మొహానికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడో, ముక్కు మూసుకుంటున్నాడో తెలియలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, అడగలేదు.