శుభ శుక్రవారం నాటి మబ్బు

మిరపకాయలు ఎండే రోజుల్లో మా ఊరి కల్లాల దగ్గర ఎవరికి మబ్బు కనిపించినా ముందు మా అమ్మను కేకేసేవారు. "ఏమ్మా, కప్పమంటావా?" అని. ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి పైకి చూసి, కప్పండనో, అక్కర్లేదనో ఒక్క మాట చెప్పేది. ఆ మాట మీద పది పదిహేను కల్లాల్లో కాయలు కుప్పకెక్కేవి, లేదంటే ఎండలోనే ఉండిపోయేవి. రేడియోలో వాతావరణం చెప్పే ఆయనకు కూడా మా ఊళ్ళో అంత విలువ లేదు.

అమ్మకు ఆ చూపు కూలి పనిలో వచ్చింది. చిన్నప్పటి నుంచీ పరాయి వాళ్ళ చేలో కోసి, పరాయి వాళ్ళ కల్లంలో ఆరబోసిన మనిషి. కాయ తడిస్తే బూజు పడుతుంది, రంగు పోతే తాలు కింద, ధర పలకని సరుకని పక్కకు తీసేస్తారు. ఏడాది కష్టమంతా ఆ నాలుగు రోజుల ఎండ మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆవిడ మనుషుల మొహాల కంటే ఆకాశాన్నే ఎక్కువ చూసింది. అక్షరం ముక్క రాదు. పల్లెలో ఆవిడకున్న పేరల్లా ఆ చూపు వల్ల వచ్చిందే.

నాకు మాత్రం అక్షరాలు చాలా వచ్చు. ఎనభైల మొదట్లో నల్లపాడు అవతల, మా పక్క ఊరి బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. మా పల్లె ఆడపిల్లల్లో టీచరయిన మొదటిదాన్ని నేనే, ఆ సంగతి నేను ఎవర్నీ మర్చిపోనిచ్చేదాన్ని కాదు. ఎనిమిదో తరగతికి మబ్బుల పాఠం చెప్పేదాన్ని. బోర్డు మీద సముద్రం గీసి, సూర్యుణ్ణి గీసి, పైకి బాణాలు వేసేదాన్ని. నీరు ఆవిరవుతుంది, ఆవిరి పైకి పోయి చల్లబడుతుంది, గాలిలోని దుమ్మును పట్టుకుని సన్నటి బొట్లవుతుంది, బొట్లు కలిసి బరువెక్కి వానై కురుస్తాయి. ఒక సాయంత్రం ఇంట్లో ఆ బొమ్మ చార్టు మీద వేసుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అంతా బాగానే ఉంది గానీ, కురవకుండా పోయేది ఎక్కడేశావే?" అంది.

"అది పాఠంలో లేదులే అమ్మా," అన్నాను, తలెత్తకుండానే.

నిజంగానే లేదు. నా బొమ్మలో పుట్టిన మబ్బు కురిసి తీరాల్సిందే.

ఆ ఏడాది అమ్మ మొదటిసారి సొంతంగా ఎకరం పొలం కౌలుకు చేసింది. రెండో కోత కాయలు కల్లంలో పోసి రెండు రోజులైంది, ఇంకా పచ్చి ఆరలేదు. మూడో రోజు శుభ శుక్రవారం. మా చర్చిలో ఆ రోజు పన్నెండింటికి మొదలుపెట్టి మూడింటి దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మూడింటికి గంట కొట్టేదాకా ఎవరూ లేచి బయటికి పోరు. ఆ ఏడాది 'దాహమవుతోంది' అన్న అయిదో మాట నాకిచ్చారు. వారం రోజులు రాసుకున్నాను దాని కోసం.

పదకొండు గంటలప్పుడు తూర్పు నుంచి మబ్బొకటి లేచింది. తెల్ల చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని కల్లం దగ్గరకు వెళ్ళేసరికి అమ్మ దాన్నే చూస్తోంది.

"కప్పేద్దాం అమ్మా," అన్నాను.

"ఇది కురిసేది కాదే. అంచులు చూడు, దూది పీకినట్టు విడిపోతన్నయ్. పైన గాలి పొడిగా ఉంది. ఇంకో గంటకి ఆనవాలుండదు. కాయలో పచ్చుంది, ఇప్పుడు కప్పితే ఉడుకుద్ది."

"సముద్రం మీంచి వచ్చిన తేమ గాలి అది. పొద్దుటి నుంచి నేల కాగుతోంది, ఇంకా పెరుగుతుంది. మనం చర్చిలో ఉండగా కురిస్తే ఎవరు చూస్తారు? రోజూ నేను చెప్పే పాఠం ఇదేగా!"

నా గొంతు పెద్దదైందని నాకు తెలుసు. అమ్మ కాసేపు నా వంకా, మబ్బు వంకా చూసింది. "టీచరమ్మవి, నీకు తెలియకపోద్దా. పట్టుకో ఆ కొస," అంది. ఇద్దరం కాయలు కుప్పకు లాగి, టార్పాలిన్ పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాం. మేం నడిచి వెళ్తూ వెనక్కి చూస్తే పక్క నాలుగు కల్లాల వాళ్ళూ కప్పేస్తున్నారు. ఎవరూ అమ్మను అడగలేదు. ఆవిడ కప్పడం చూశారు, అంతే చాలింది వాళ్ళకి.

మూడో మాట నడుస్తుండగా చర్చి మెట్ల మీద ఎండ తెల్లగా పడింది. వేదిక పక్కన కూర్చున్న నాకు గుమ్మం ఎదురుగా కనిపిస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుమ్మం దగ్గర చాప మీద అమ్మ ఉంది, ఆవిడ వెనక పక్క కల్లం ఆవిడ. ఆవిడ ముందుకు వంగి అమ్మ చెవిలో ఏదో చెప్పి, పట్టా తీసొస్తానన్నట్టు లేవబోయింది. అమ్మ ఆవిడ మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. ఏమందో తర్వాత ఆవిడే చెప్పింది నాకు: "మా అమ్మాయి మాట్లాడాలి, ఆగవే."

నేను మాట్లాడాను. పది నిమిషాలిస్తే ఇరవై తీసుకున్నాను. గొంతెండిపోవడం గురించి ఎంత చక్కగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గంట కొట్టగానే కల్లానికి పరుగెత్తాం. అమ్మ పట్టా అంచు ఎత్తింది. అన్నం గిన్నె మూత తీసినట్టు వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పట్టా లోపలి వైపంతా నీటి బొట్లు. కదిపితే జారి కాయల మీద పడ్డాయి. కాయల్లోంచి లేచిన ఆవిరి పైకి పోయే దారిలేక పట్టాకు తగిలి నీరైంది. నేను బోర్డు మీద గీసిన బొమ్మే అది. ఆకాశంలో మబ్బు పొడి గాలిలో కలిసి మాయమైపోతే, నేను కల్లంలో ఇంకో మబ్బును తయారు చేసి పెట్టాను. అమ్మ అరచేత్తో పట్టాను ఒకసారి తుడిచి, తడి చేతిని చీరకు రాసుకుంది.

నాలుగు రోజుల్లో కాయ రంగు విరిగి తెల్లమచ్చలు తేలింది. మాదే కాదు, ఆ నాలుగు కల్లాల్లోనూ అంతే. పక్క కల్లం పెద్దాయన అందరి ముందూ అరిచాడు.

"నీ చూపుకేమొచ్చిందే? నువ్వు కప్పావనేగా మేమూ కప్పి చచ్చాం!"

"నా కన్ను తప్పింది బాబాయ్," అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను, బడికి వెళ్తూ, భుజాన సంచీతో. కప్పమన్నది నేనని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నోరు విప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎందుకలా చెప్పావని అమ్మ మీదే కోప్పడ్డాను.

"రేపు వాళ్ళ పిల్లలు నీ ముందు కూర్చోవాలి. టీచరు చెప్పేది తప్పని తెలిస్తే వింటారా?" అంది, పొయ్యి ఊదుకుంటూ.

మరుసటి ఏడు మబ్బు పట్టినప్పుడు ఎవరూ అమ్మను కేకెయ్యలేదు. పెద్దాయన ఇంట్లో రేడియో పెట్టించుకుని వినేవారు. అమ్మ మాత్రం గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళేది. మళ్ళీ కౌలుకు చెయ్యలేదు. ఆ దశాబ్దం ముగిసేలోపే పోయింది. ఆవిడ బతికుండగా నేను ఊళ్ళో ఎవరికీ నిజం చెప్పలేదు.

ఆవిడ పోయిన తర్వాతి ఏడు నుంచి నా బొమ్మలో ఇంకో మబ్బు వేస్తున్నాను, చుట్టూ పొడి గాలి, అంచులు విడిపోతున్నట్టు. అది మొదటిసారి వేసిన రోజు, కురవకుండా పోయే మబ్బులే ఎక్కువని చెప్పి, పట్టా కింద కాయలు ఉడికిన సంగతి ఉదాహరణగా చెప్పాను. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"మబ్బు పోతుంటే ఎవరు కప్పమన్నారు టీచర్?"

బోర్డు వైపు తిరిగి, విడిపోతున్న మబ్బు అంచు మీద సుద్దముక్కతో ఇంకో గీత గీశాను.

"మా అమ్మ," అన్నాను.

ఆ పిల్ల కూర్చుని నోట్సులో రాసుకుంది.