దింపుడు కళ్ళం దగ్గర జారిన బిళ్ళ

మా మేనల్లుడు దుబాయి నుంచి వచ్చేటప్పుడు అందరిలాగా సెంటు సీసాలు, దుప్పట్లు తేకుండా, మట్టిలో ఇనుము గానీ రాగి గానీ ఉంటే కూతపెట్టే మిషను ఒకటి తెచ్చుకున్నాడు. మెటల్ డిటెక్టర్ అంటారట. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పొడుగాటి కర్రకు పళ్ళెం బిగించుకుని, చెవులకు డిప్పలు తగిలించుకుని కామారెడ్డిలో మా డాబా మీద అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆవిడ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. "ఎండలు ముదిరినయి మామా, మంజీరల నీళ్లు గుంజినయి. మీ ఊరి రేవుకాడ పాత బిళ్ళలు దొరుకుతయంటున్నరు, జరంత జాగ చూపియ్యి" అని వాడు అనేసరికి మాత్రం నేను వినపడనట్టు చాయ్ గ్లాసు పట్టుకుని కిందికి దిగిపోయాను. వయసు మీద పడుతోంది కదా అని ఆవిడ అనుకుంది. అనుకోనీలే అని నేనూ ఊరుకున్నాను.

ఏటి ఒడ్డున బిళ్ళలు ఎందుకు దొరుకుతాయో నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఈ జిల్లాలో ఉండడు. ముప్పై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసినవాణ్ణి. నిజాంసాగర్ దాటి పిట్లం వైపు వెళ్ళే బస్సు మంజీర వంతెన ఎక్కగానే ఆడవాళ్ళు కొంగుముళ్ళు విప్పి గంగమ్మకు దండం పెట్టి పైసలు విసిరేవాళ్ళు, చిల్లర లేదని నాతో గంటసేపు కొట్లాడినవాళ్ళు కూడా ఏటికి మాత్రం ఎక్కడినుంచో తీసి వేసేవాళ్ళు. అందరూ కిటికీల వైపు ఒరిగి నీళ్ళు చూస్తుంటే నేను మాత్రం టికెట్ల పెట్టెలో తల దూర్చి లేని లెక్కలు చూసుకునేవాణ్ణి. ఎందుకంటే ఆ నీళ్ళ వైపు చూస్తే మోకాళ్ళ లోతున వంగి జల్లెడ పడుతున్న మనిషి ఒకడు నాకు కనిపించేవాడు. వరద వచ్చి గేట్లు ఎత్తిన రోజుల్లో కూడా ఆ ఎర్రనీళ్ళలో వంగే కనిపించేవాడు. మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే.

మా ఊరు ఎల్లారెడ్డికి అవతల, ఏటికి ఆనుకుని ఉంటుంది. మా తాత, అంటే నాయనను కన్న తండ్రి, నిజాం కాలంలో గుర్రాల పటాలంలో గుర్రాలు చూసుకునే సాయీసు. పటాలంతో పాటు ఓడెక్కి ఏదో ఎడారి దేశంలో జరిగిన యుద్ధానికి పోయి వచ్చాడు. తుపాకి పట్టలేదు, గుర్రాలకు నీళ్ళు పట్టాడు. అక్కడినుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క పతకం. వెండి కూడా కాదు, కంచు. ఒకవైపు రాజు తల, అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో మా తాత పేరు. మేమంతా దాన్ని బిళ్ళ అనేవాళ్ళం. పండుగ నాడు పెట్టె తీసి చింతపండుతో తోమి, నా అరచేతిలో పెట్టి, నేను పోయినంక ఇది నీదేరా అనేవాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి అది నాదే అన్న నమ్మకం రక్తంలో కలిసిపోయింది.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు, ఎండాకాలం మొదట్లో, తాత పోయాడు. మా ఇండ్లలో పీనుగ నుదుట రూపాయి బిళ్ళ పెట్టి పంపడం ఆచారం. మా అవ్వ, అంటే నాయనమ్మ, రూపాయి వద్దని, పెట్టె తీసి ఆ పతకాన్నే పసుపు అద్ది ఆయన నుదుట పెట్టింది. ఆయన సంపాదించింది ఆయనతోనే పోవాలన్నది ఆవిడ పట్టుదల. నాదనుకున్న బిళ్ళ నా కళ్ళ ముందే కాటికి పోతోంది. తాత మీది దుఃఖం కంటే ఆ బిళ్ళ మీది ఉక్రోషమే ఎక్కువైందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది.

కాటికి పోయే దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మా పెద్దబాపు, అంటే నాయనకు అన్న, వంగి తాత చెవిలో మూడుసార్లు పిలిచాడు, ఒక్క పిలుపుకైనా లేస్తాడేమోనని అందరూ ఆ ముఖం వంక చూశారు. ఆయన లేవలేదు. మళ్ళీ పాడె ఎత్తబోతున్నప్పుడు బిళ్ళ నుదుటి మీదినుంచి జారి చెవి పక్కగా గడ్డిలో పడింది. ఆ మూల మోస్తున్నది నేను. పైన పెట్టేద్దామనే తీశాను, ఇది మాత్రం నిజం. పిడికిట్లోకి వచ్చినాక అది పైకి పోలేదు, నా జేబులోకి పోయింది. పాడె ఎత్తే హడావిడిలో ఎవరూ చూడలేదు, ముఖం మీద మళ్ళీ గుడ్డ కప్పేశారు.

అప్పుడు నేను వేసుకున్న లెక్క ఏమిటంటే, బూడిదలో దొరికే బంగారం గానీ, వెండి గానీ, బిళ్ళ గానీ కాటికాపరికే చెందుతుంది, అది వాళ్ళ హక్కు, ఏ ఇంటివాళ్ళూ తిరిగి అడగరు. కాబట్టి బిళ్ళ ఏమైందని అడిగేవాళ్ళే ఉండరనుకున్నాను. నాకు తెలియనిది ఒకటుంది. మా అవ్వ అస్థికలు ఏరే ముందురోజే, మేమంతా మామ అని పిలిచే కాటికాపరిని రప్పించి, కొత్త ధోవతి, కుంచెడు జొన్నలు ఇచ్చి, ఈ ఒక్క బిళ్ళ మీద హక్కు వదులుకొని అస్థికలతో పాటు తన చేతికి ఇవ్వాలని మాట తీసుకుంది. తన చేతులతోనే దాన్ని మంజీరలో కలపాలని ఆవిడ కోరిక.

మూడో నాడు అస్థికలు ఏరడానికి పోయాం. మామ బూడిదను తట్టకెత్తి, రేవులో నీళ్ళు పోసి పోసి కడిగాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. అవ్వ చెయ్యి చాపుకుని నిలబడే ఉంది. కొత్త ధోవతి కట్టుకుని వచ్చిన ఆ మనిషి ముఖంలో నెత్తురు ఇంకిపోవడం నేను చూశాను. మా పెద్దబాపు రెండు అంగల్లో పోయి అందరి ముందు ఆయన చెంప మీద కొట్టాడు. "నేను తియ్యలే అవ్వా, నా బిడ్డ మీద ఒట్టు. కడుగుతుంటె ఏట్ల జారిందో ఏమో, దేవులాడి తెస్త" అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు బిళ్ళ నా జేబులో ఉంది. చెయ్యి జేబులోకి పోయింది కూడా. అందరి ముందు బయటికి తీస్తే పెద్దబాపు చెయ్యి నా వైపు తిరుగుతుందన్న భయం ఆ చేతిని అక్కడే ఆపేసింది.

ఇక ఆయన దేవులాడాడు. పొద్దు పొడవక ముందే జల్లెడ, తట్ట పట్టుకుని రేవులో దిగి, పిడికెడు పిడికెడు ఇసుక ఎత్తి చూసేవాడు. తల్లి లేని ఏడెనిమిదేళ్ళ బిడ్డ ఒడ్డున తట్ట అందిస్తూ ఉండేది. నెల రోజులు ఆ ఎండలో అలా వంగే ఉన్నాడు. పాపం అన్నవాళ్ళూ ఉన్నారు, దొంగ నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు. నేను రోజూ ఆ దారినే పోయేవాణ్ణి. అవ్వ మాత్రం తాత కలలో వచ్చి నుదురు తడుముకుంటున్నాడని ఏడ్చేది. తరువాత ఊళ్ళో ఎవరు పోయినా పక్క ఊరివాణ్ణి పిలిచారు గానీ మామను పిలవలేదు. వానలు పడేలోపు ఆయన బిడ్డను తీసుకుని కామారెడ్డి పోయి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోశాడు. అక్కడే పోయాడు. నాకు నౌకరీ వచ్చింది. బిళ్ళ నా తోలు సంచి అడుగున చేరింది. ఏడాదికొకసారి ఎవరూ లేనప్పుడు తీసి చింతపండుతో తోమేవాణ్ణి, అదేం బుద్ధో.

మేనల్లుడితో పోయిన రోజు బిళ్ళను రుమాలులో చుట్టుకుని పోయాను. రేవు గుర్తు పట్టలేకపోయాను. ఇసుకంతా లారీల పాలై, రాళ్ళు, నల్లమన్ను పైకి తేలి ఉన్నాయి. వాడు చెవులకు డిప్పలు పెట్టుకుని అచ్చం కాటికాపరి మామలాగే వంగి నడుస్తుంటే నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. వాడు అటు తిరిగినప్పుడు బిళ్ళను రెండు రాళ్ళ సందున పెట్టి మన్ను కప్పాను. ఏట్లోనే దొరికిందంటే ఆయన తియ్యలేదని ఊరికి తెలిసిపోతుంది, నా పేరు బయటికి రాదు. డెబ్బై దాటినా నా బుద్ధి దింపుడు కళ్ళం దగ్గరే ఉంది చూడండి. మిషను కూతపెట్టింది, వాడు గంతులేశాడు, అంచు మీద తాత పేరు చదివి ఫోటో తీసి ఊరి వాట్సాప్‌లో పెట్టాడు.

రెండు రోజులకు ఎల్లారెడ్డి నుంచి ఒక ఆడమనిషి మా ఇంటికి వచ్చింది. తల నెరిసింది, బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు పసుపుబారాయి. కాటికాపరి మామ బిడ్డ. కొడుకు ఫోన్లో చూపించాడట. బిళ్ళను చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, తిప్పి తిప్పి చూసింది.

"మా బాపు దేవులాడిన జాగ నాకు ఎరికె అన్నా, తట్ట నేనే అందిచ్చిన. ఇప్పుడు ఆడ ఇసుకనే లేదు, మనిషెత్తు లారీలల్ల పోయింది. గిదొక్కటి ఎట్ల ఆగింది? గీతలల్ల మన్ను గూడ లేదు."

నా నోట అబద్ధం రాలేదు. నా దగ్గరే ఉండె చెల్లె అన్నాను. మంచినీళ్ళు తెస్తున్న మా ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"యాభై ఏండ్లా అన్నా?" అని మాత్రం అడిగింది. తిట్టలేదు. నేను క్షమించమన్నాను, ఏడ్చాను కూడా. ఆమె బిళ్ళను మంచం మీద పెట్టి, మా ఆవిడ తెచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా లేచింది. "నాకెందుకు చెప్పుడు? మా బాపు తియ్యలేదని నాకు అప్పుడే ఎరికె. ఊరికి చెప్పు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడే ఊరికి పోయాను. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్ళందరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకడు "ఏ కాటికాపరి తాతా?" అని అడిగాడు. ఇప్పుడు ఊళ్ళో నల్లాలు, గద్దెలు కట్టిన కొత్త శ్మశానం, వైకుంఠధామం ఉంది, పీనుగ ట్రాక్టరు మీద నేరుగా పోతుంది, దింపుడు కళ్ళం దగ్గర ఎవరూ దించరు, చెవిలో పిలవరు. మా అవ్వ, పెద్దబాపు, ఆ రోజు రేవులో నిలబడ్డవాళ్ళు ఎవరూ మిగలలేదు. నేను ఎవరి నోటికి జడిసి నోరు మూసుకున్నానో వాళ్ళంతా పోయారు, ఎవరికి చెప్పమని ఆమె అన్నదో ఆ ఊరూ పోయింది.

బిళ్ళ ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. ఏట్లో వేద్దామంటే నీళ్ళు లేవు, దాచుకుందామంటే చేతులు రావడం లేదు. మీలో నా వయసువాళ్ళు ఎవరైనా, ఆ వైపు ఊళ్ళలో పెళ్ళికో చావుకో పోయినప్పుడు, పీనుగ మీది బిళ్ళ తిన్న కాటికాపరి అన్న మాట చెవిన పడి ఉంటే, దయచేసి ఆ మాట తుడిచేసుకోండి. ఆయన తియ్యలేదు. తీసింది నేను.